రెండూ ఎడమ చేతులే

…అంటే కోటు చెయ్యి గీసిన కాగితం ఒక్కసారి తిరగేసి ఉంటే సరిపోయేది. అంతే. అరచెయ్యి తిప్పినంత పని. మొదటిసారి వెల్లకిలా, రెండోసారి బోర్లా పరిచి ఉంటే ఒకటి ఎడమ చెయ్యి, ఒకటి కుడి చెయ్యి వచ్చేవి. తను రెండుసార్లూ వెల్లకిలానే పరిచింది. గుడ్డ మడతమీద ఉంటే ఈ గొడవే లేదు, ఒక్క కోతకి రెండు చేతులూ ఎదురెదురుగా వస్తాయి. చాలదేమోనన్న భయంతో, కాస్త మిగులుద్దామన్న ఆశతో మడత విప్పింది. మిగల్చాలన్న తెలివే ముంచింది. కాదు, దాన్ని తెలివి అనకూడదు. తెలివే ఉంటే…

"పాలు," అంది అత్తగారు వెనకనుంచి.

అప్పటికే పొంగి పొయ్యిమీద పడ్డాయి. ఆమె గబుక్కున గిన్నె దించబోయి వేలు కాల్చుకుంది. అత్తగారు తడిగుడ్డ ఒకటి కోడలి వేలికి అందించి, ఇంకో గుడ్డతో పొయ్యి తనే తుడిచింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనడం లేదు. అదే భరించలేకుండా ఉంది.

నిన్న మధ్యాహ్నం కోటును బొమ్మకి తొడిగి, చేతులు గుండుసూదులతో గుచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఎడమ చెయ్యి బుద్ధిగా ముందుకి వంగి ఉంది. కుడివైపు గుచ్చిన చెయ్యి మాత్రం ఎవరో పట్టుకుని వెనక్కి విరిచినట్టుంది. అదేమిటో ఆమెకి తట్టేలోపే కుర్చీలో కూచున్న మామగారు, "రెండూ ఎడమ చేతులే," అన్నారు. అరవలేదు. బయట ఎండగా ఉంది అన్నట్టు అన్నారు. లేచి లోపలికి వెళ్ళిపోయారు.

అరిచి ఉంటే బాగుండేది.

కోటు నర్సమ్మది. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో పనిచేసి ఎల్లుండి రిటైరవుతోంది. ఆ సభలో వేసుకోవడానికని ఎన్నాళ్ళుగానో దాచుకున్న గుడ్డ. ముదురు నీలం ఉన్ని, ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. ఒకవైపు సన్నటి మెరుపుంటుంది, రెండోవైపు ఉండదు. అందుకే తిరగేసి కుట్టి గట్టెక్కే దారి కూడా లేదు. ఈరోజు పన్నెండుకి నర్సమ్మ తొడిగి చూసుకోవడానికి వస్తుంది.

ఇంటి ముందుగదే కుట్టుషాపు. నలభై ఏళ్ళుగా అక్కడ కత్తెర మామగారిది. పదకొండేళ్ళుగా ఆయన కోసింది ఆమె కుడుతూ వచ్చింది. పోయిన ఏడాది ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టాక, కత్తెర కోడలికి ఇమ్మని ఇంటిల్లిపాదీ రెండు నెలలు బతిమాలితే, "సరే, చూద్దాం," అన్నారు. ఆ చూద్దాం అన్నది ఈ కోటు గురించే. కోటు ఒళ్ళు బాగా వచ్చింది. కాలరు ఆయన కోసినట్టే వచ్చింది. దానితో ఆమెకి ఎక్కడో ఒక చిన్న సంతోషం పుట్టింది. ఆ సంతోషంలోనే చేతులు కోసింది.

ఇక సంతోషపడకూడదు అనుకుంది, వేలు చల్లార్చుకుంటూ.

*

భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. అద్దం చుట్టూ అతను అంటించిన కాగితాలు. షాపులో ఇస్త్రీ, కాజాలు, ఇళ్ళకి అందించడం అతని పని. ఆదివారాలు మాత్రం ఏదో హాల్లో విజయం గురించి చెప్పే క్లాసుకి వెళ్తాడు. అక్కడినుంచి తెచ్చుకున్నవే ఈ కాగితాలన్నీ. అన్నిటికంటే పెద్దదాని మీద ఎర్ర సిరాతో, 'నేను పుట్టింది గెలవడానికే' అని ఉంది.

"నిద్రపోలేదు కదూ?" అన్నాడు నురగలోంచి.

"పోయాను."

"అబద్ధం. చూడు, మా సారేమంటారంటే, ఓటమిని కూడా నవ్వుతూ స్వీకరించాలి అంటారు."

"అయితే పన్నెండుకి నర్సమ్మగారికి మీరే చెప్పండి. నవ్వుతూ."

అతను బ్లేడు ఆపాడు. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి.

"అది కాదు… ఆవిడకి వేరే ఏదైనా చెబుదాం. పైనుంచి నీళ్ళు కారి గుడ్డ పాడైందనో, ఇస్త్రీలో కాలిందనో. కాలిందంటే నా తప్పవుతుంది, నేను పడతా. నాకలవాటే."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇతను మంచివాడు. ఆమె తప్పు తన నెత్తిన వేసుకోవడానికి క్షణం ఆలోచించలేదు. కానీ ఆ తప్పు ఆమెకి కావాలి. ఎందుకో తెలియదు. ఆమె సొంతంగా చేసిన మొదటి పని అది. తప్పే అయినా సొంతది.

"నాన్న చిటికెకి కబురు పెట్టాడు," అన్నాడు భర్త, మొహం తుడుచుకుంటూ, తువ్వాలు చాటునుంచి.

చిటికె అంటే మెయిన్ రోడ్డులో పెద్ద షాపు కటింగ్ మాస్టరు. ఏది అడిగినా "చిటికెలో కోసేస్తా" అంటాడు కాబట్టి ఆ పేరు.

"ఈ ఒక్క చెయ్యికేనా?"

అతను తువ్వాలు మడిచాడు. ఒక మడత, ఇంకో మడత, మరో మడత. అంత చిన్న తువ్వాలుకి అన్ని మడతలు అక్కర్లేదు.

హాల్లోంచి మామగారి గొంతు వినిపించింది. "ఒరేయ్, పదకొండుకి అతనొస్తాడు. బల్ల ఖాళీ చేసి పెట్టమను. సోమవారం నుంచి రోజూ వస్తాడు."

ఆమె గుమ్మంలోనే ఉంది. ఆయనకి నాలుగడుగుల దూరంలో.

"ఎవర్ని పెట్టమనాలి నాన్నా?" అన్నాడు భర్త. అతని గొంతులో కాస్త కోపం ఉంది.

"మిషను మీద కూచునేవాళ్ళని." ఆయన పేపరు తిప్పారు. "ఎవర్నీ తప్పు పట్టడం లేదు నేను. కత్తెర నేర్పితే వచ్చేది కాదు. పుట్టుకతో రావాలి. ఉన్నవాళ్ళకి ఉంటుంది, లేనివాళ్ళకి లేదు. దానికి బాధపడక్కర్లేదు."

ఆయన నిజంగానే దయతో అన్నారు. దెబ్బ అక్కడే తగిలింది.

*

కూచునేవాళ్ళు. ఈ మాట ఎక్కడో విన్నాను అనుకుంది, షాపుగదిలో బల్లమీది కాగితాలు చుడుతూ.

ఏడో తరగతిలో పరుగుపందెం. మొదటి మలుపులోనే కాలు మడతపడి పడిపోయింది. మోకాలు కొట్టుకుపోయి రక్తం కారుతుంటే ఆటల మాస్టారు చెయ్యిచ్చి లేపి, తల నిమిరి, "నీకిది కాదులే తల్లీ, ఇలా వచ్చి నీడలో కూచో, వచ్చినవాళ్ళ పేర్లు రాద్దువుగాని," అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! ఆ తర్వాత బడి వదిలేదాకా ప్రతి ఏడాదీ ఆమె నీడలోనే కూచుంది. ఎవరు ఎంత వేగంగా పరిగెత్తారో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టింది. ఇంకోసారి పరిగెత్తి చూస్తానని అడగాలని ఆమెకే తోచలేదు.

ఒకసారి పడిపోయాను అన్న దగ్గర మనసు ఎందుకు ఆగదు? ఇంకో మెట్టు దిగుతుంది: నేను పడిపోయే మనిషిని. ఇంకో మెట్టు: నీడలో కూచోవలసినదాన్ని. అక్కడ చల్లగా ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు. ఆ చల్లదనమే ఆమెకిప్పుడు కూడా కావాలనిపిస్తోంది. మిషను, పెడలు, కాళ్ళకింద ఆ చిన్న గరగర. వేరొకరు కోసిన గీతల వెంట నడవడం.

బొమ్మ కోటు వేసుకుని, విరిచిన చెయ్యితో ఆమెనే చూస్తోంది.

తండ్రి పుట్టుక అంటాడు, కొడుకు పుట్టింది గెలవడానికే అంటాడు. ఒకరిది నోట్లో, ఒకరిది గోడమీద. ఇద్దరి లెక్కలోనూ అంతా పుట్టినరోజే తేలిపోయింది. ఆ తర్వాత బతికిన ఈ ముప్పై ఆరేళ్ళూ దేనికి మరి?

బల్ల చివర నర్సమ్మ గుడ్డలో మిగిలిన ముక్క ఉంది. చెయ్యికి చాలదని నిన్ననే మామగారు తేల్చేశారు. తెల్లవారుతూండగా, కళ్ళు మూసుకుని, మనసులోనే ఆమె ఆ ముక్కమీద కాగితాన్ని కనీసం ఇరవైసార్లు పరిచి చూసింది. చాలదు, నిజమే. కానీ చంకకింద ఒక అతుకు వేస్తే చాలుతుంది. చెయ్యి కిందికి వాలినప్పుడు ఆ అతుకు ఎవరికీ కనపడదు. అతుకుకి ముక్క చెడిన చేతిలోంచే వస్తుంది.

ఇరవైసార్లు సరిపోయింది. నోరు తెరిచి చెప్పాలనుకున్న ప్రతిసారీ, ఆటల మాస్టారి చెయ్యి వచ్చి తల నిమిరింది.

"అమ్మాయ్," అని మెట్లమీద నుంచి అత్తగారు పిలిచింది. "ఒకసారి పైకి రా. చిన్న కత్తెర తీసుకురా."

*

మేడమీద ఎండలో తలదిండు ఒకటి పడేసి ఉంది. మామగారిది. ఈ ఇంట్లో దాని గురించి ఒక పాత తగువు ఉంది. "రాళ్ళు కూరావా ఇందులో? కాస్త దూది పెట్టవే మహాతల్లీ," అని ఆయన, "దూదికి పురుగు పడుతుంది," అని ఆవిడ. కోడలు కాపరానికి వచ్చినప్పటి నుంచీ వింటోంది.

అత్తగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చాపమీద కూచుని, పక్కన చోటు చూపించింది. కత్తెర తీసుకుని దిండు అంచు కుట్టు టకటకా విప్పింది.

"చెయ్యి పెట్టి తియ్యి."

ఆమె చెయ్యి పెట్టింది. గట్టిగా కుక్కిన గుడ్డ తగిలింది. లాగితే ఒక బూడిదరంగు చెయ్యి వచ్చింది. పాత కోటు గుడ్డ, కుట్టనిది. ఇంకోటి లాగింది. అదీ బూడిదరంగే, అదీ చెయ్యే.

ఆమె రెంటినీ చాపమీద పక్కపక్కన పరిచింది. రెండూ ఒకేవైపు వంగి ఉన్నాయి, అచ్చుగుద్దినట్టు. ఎదురెదురుగా కాదు.

రెండూ ఎడమ చేతులే.

"బ్యాంకు మేనేజరు కోటు," అంది అత్తగారు. "మా పెళ్ళైన రెండో ఏడు. మూడు రోజులు అన్నం తినలేదు ఆయన. ఎవరికంటా పడకుండా కాల్చెయ్ అన్నారు. బంగారంలాంటి గుడ్డ, ఎలా కాలుస్తాం? దిండులో కుక్కేశాను."

"ఇవన్నీనా?"

"తియ్యి, తియ్యి."

మెడ వెడల్పైన చొక్కా ముందుభాగం. రెండు కాళ్ళూ ఒకేవైపువి అయిపోయిన ప్యాంటు ముక్కలు. బెత్తెడు పొట్టిగా తెగిన గౌను. మూడు కాలర్లు. చాపంతా నిండిపోయింది. ఒక్కో ముక్కకీ ఒక్కో మనిషి పేరు చెప్పింది అత్తగారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం కోడలు చూడలేదు.

"ప్రతిసారీ కాల్చెయ్ అనేవారు. ప్రతిసారీ ఇందులోకే. కాలిపోయాయనే అనుకుంటున్నారు ఇప్పటికీ. కొన్నాళ్ళకి… అసలు జరగలేదనే అనుకోవడం మొదలుపెట్టారు. అబద్ధమాడటం లేదమ్మా ఆయన. నిజంగా గుర్తులేదు. రోజూ వాటిమీదే తల పెట్టుకుని పడుకుని, మెడ పట్టేసిందని నన్ను తిడతారు."

అత్తగారు నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు. మొదట వచ్చింది కోపం. పదకొండేళ్ళు! ఆయన కత్తెర పట్టుకుంటే పక్కన ఊపిరి బిగబట్టి నిలబడిన పదకొండేళ్ళు. పుట్టుకతో వచ్చిందని నమ్మి, అందుకే తనకి లేదని నమ్మి…

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"నువ్వెప్పుడూ కొయ్యలేదుగా."



ఆమె ముక్కలు మళ్ళీ దిండులోకి సర్దడం మొదలుపెట్టింది. అప్పుడు చూసింది. చొక్కా ముందుభాగం వెనకవైపు, మూల దగ్గర, మాసిపోయిన సుద్దతో చిన్న ఇంటూ గుర్తు. గౌను మీద ఉంది. కాలర్ల మీద ఉంది. ఆ గుర్తు ఆమెకి బాగా తెలుసు. మామగారు కోసిన ప్రతి ముక్కకీ లోపలివైపు ఉంటుంది. కుట్టేటప్పుడు దాన్ని లోపలికి తిప్పుకుని కుట్టేస్తుంది. పెద్దవాళ్ళ అలవాటేదో అనుకుందే గాని, ఎందుకని ఏనాడూ అడగలేదు.

బూడిదరంగు చేతులు తిరగేసి చూసింది. వాటిమీద లేదు. ప్యాంటు ముక్కలమీద కూడా లేదు.

"అత్తయ్యా, ఈ ప్యాంటు ముందా, మేనేజరు కోటు ముందా?"

"ప్యాంటే ముందు. కోటు తర్వాత మళ్ళీ అటూ ఇటూ తారుమారు కాలేదు ఎప్పుడూ. పొట్టివీ పొడుగువీ అయ్యాయి గాని."

ఆమె ఆ రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుంది. మూడు రోజులు అన్నం తినని ఒక కుర్రమాస్టరు. నాలుగో రోజు లేచి, గుడ్డ లోపలివైపు మొదటిసారి సుద్దతో రెండు గీతలు గీసి ఉంటాడు. అది పుట్టుకతో వచ్చింది కాదు. ఇదిగో, ఈ బూడిదరంగు గుడ్డలోంచి వచ్చింది.

"ఆయనకి చెప్పకమ్మా," అంది అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ. "ఈ వయసులో ఆయన తలకింద నుంచి దిండు లాగెయ్యకు."

"చెప్పను."

కింద తలుపు చప్పుడైంది.

*

చిటికె మాస్టరు వస్తూనే బొమ్మని చూసి, "అయ్యో అయ్యో, ఈ అమ్మ చెయ్యి ఎవరు విరిచారు?" అని పెద్దగా నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. "సరే పెద్దాయనా, మీరు ఊఁ అనండి, చిటికెలో తేలుస్తా. ఈ రంగుకి దగ్గర్లో వేరే గుడ్డ తెచ్చి రెండు చేతులూ మార్చేద్దాం. ఫ్యాషన్ అని చెప్పండి."

"ఫ్యాషనా? నర్సమ్మకా?" అన్నాడు భర్త.

"అరవైలో కొత్తగా ఉంటుంది లెండి."

మామగారు సొరుగు తీసి పెద్ద కత్తెర బయట పెట్టారు. నల్లటి పిడి, లోపల ఆయన బొటనవేలు అరగదీసిన చోట తెల్లగా మెరుస్తోంది. పిడి చిటికె వైపు తిప్పి పట్టుకున్నారు. ఆ చెయ్యి వణుకుతోంది. కత్తెర కొసలు ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేస్తున్నాయి.

ఇప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ మాట్లాడను అనుకుంది ఆమె. అనుకోవడం ఇంకా పూర్తికాకుండానే తన గొంతు తనకే వినపడింది.

"మామయ్యా, మీరు ప్రతి ముక్క వెనకా ఇంటూ గుర్తు పెడతారు కదా. ఎందుకని?"

"ఇప్పుడా అది?" అన్నాడు భర్త మెల్లిగా.

"పాతకాలం వాళ్ళ అలవాట్లమ్మా అవి," అన్నాడు చిటికె, చెయ్యి చాపి. "నేనేం పెట్టను."

మామగారు కత్తెర ఇవ్వలేదు. కోడలి మొహంలోకి చూశారు. నిన్నటి నుంచి చూడటం ఇదే మొదటిసారి. లోపలి గుమ్మంలో అత్తగారు, కుట్టేసిన దిండు గుండెలకి ఆనించుకుని నిలబడి ఉంది. ఆయన చూపు ఎక్కడికో వెళ్ళింది. గోడ దాటి, చాలా దూరం.

"మర్చిపోతానని," అన్నారు.

"ఏది లోపలివైపో అనా?" అన్నాడు చిటికె.



"గుడ్డ చాలుతుంది మామయ్యా," అంది ఆమె. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "చంకకింద అతుకు వేస్తే చాలుతుంది. అతుకు ముక్క ఆ చెడిన చేతిలోంచే వస్తుంది. తప్పు నాదేనని నర్సమ్మగారికి నేనే చెప్తాను. ఇస్త్రీ అనీ, నీళ్ళనీ ఎవరూ చెప్పొద్దు. అంతా విని, వద్దు ఇచ్చెయ్యమంటే ఇచ్చేద్దాం."

"మళ్ళీ ఎడమ చెయ్యే వస్తేనో?" అన్నాడు చిటికె. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు.

"వస్తే ఇంక గుడ్డ లేదు."

గేటు తీసిన చప్పుడు. చెప్పులు విడుస్తున్న చప్పుడు. ఎవరో తాళంచెవులు సంచిలో వేసుకుంటున్నారు.

"నర్సమ్మ ముందే వచ్చేసింది," అన్నాడు భర్త. ఈసారి సారు మాట ఒక్కటీ అతనికి గుర్తు రాలేదు.

మామగారు కత్తెర చిటికెకీ ఇవ్వలేదు, ఆమెకీ ఇవ్వలేదు. బల్లమీద నడుమ పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ వణుకు కనపడకుండా రెండో చేత్తో పట్టుకున్నారు.

ఆమె కత్తెర వైపు చూడలేదు. మిగిలిన నీలం ముక్కని బల్లమీద పరిచింది. అరచేత్తో నిమిరి, మెరుపు ఎటుందో చూసి, తిరగేసింది. కాలిన వేలికి తగలకుండా సుద్ద పట్టుకుని, మెరుపు లేని వైపు, మూల దగ్గర, చిన్న ఇంటూ గుర్తు పెట్టింది.